సీసా నడుముకు ఎర్ర దారం

మా అత్త చుట్ట తిప్పి పెట్టుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. పండగా కాదు, పబ్బమూ కాదు, ఉత్త మంగళవారం. పెరట్లో అంట్లు తోముతున్నది కాస్తా నోట్లోంచి చుట్ట తీసి, నిప్పు కొస బయటికి, చల్లటి కొస లోపలికి పెట్టుకుంది. మగవాళ్లు తాగినట్టు.

ఇందులో వింతేముంది అంటారేమో. మా అనకాపల్లి వైపు పనిచేసుకునే ఆడవాళ్లు చాలామంది అడ్డపొగ తాగుతారు. అంటే వెలుగుతున్న కొసను నోటి లోపల పెట్టుకుని పెదాలు మూసేస్తారు. చేతులు పనిలో ఉంటాయి, పొగ నోట్లో ఉంటుంది. మా అత్త నలభై ఏళ్లు అలాగే తాగింది. అలాంటి మనిషి చుట్ట తిప్పేసరికి నేను చేస్తున్న పని ఆపి చూశాను.

"ఏటత్తా, మగోళ్ల లాగ తాగుతున్నావు?" అన్నాను నవ్వుతూ.

"పన్ను నొప్పే. పైన ఎక్కడో మండతంది" అంది.

మా అత్త పేరు అప్పలనరసమ్మ. నాకు మేనత్త. మా అమ్మ పోయాక నన్ను పెంచింది, పెద్దయ్యాక తన కొడుక్కే చేసుకుంది. అందుకే మా ఆయన పైడిరాజుని నేను ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. బావ బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ. నేను ఇంటి దగ్గర కుట్టు మిషను మీద జాకెట్లు కుడతాను. ఎనిమిది దాకా చదువుకున్నాను కనక ఇది రాయగలుగుతున్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. పన్ను నొప్పికి అడ్డపొగ మంచిదని మా వైపు అందరూ నమ్ముతారు. ఆ వేడికి నొప్పి తిమ్మిరెక్కుతుందని. అత్తకి చుట్టలు చుట్టి ఇచ్చేది నేనే. అంతవరకు రోజుకి ఆరు చుట్టేదాన్ని. నొప్పి అంది కదా అని పది చుట్టాను. "తిప్పకత్తా, లోపలే పెట్టుకో, తగ్గుద్ది" అని నా నోటితో నేనే చెప్పాను. రెండు నెలలు అలా గడిచాయి. ఒకరోజు గంజి తాగుతుంటే ముక్కులోంచి కారింది. నోరు తెరిపించి చూశాను. అంగిట్లో పుండు, దాని మధ్య చిన్న గొయ్యి.

విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. టార్చిలైటు వేసి చూసిన డాక్టరుగారు మొదట అడిగిన మాట "అడ్డపొగా?" అని. తలూపాను. బయాప్సీ అన్నారు. ముక్క కోసి తీశారు. వారం తర్వాత రమ్మన్నారు. రిపోర్టు చూసి బావని పక్కకి పిలిచారు. నేనూ వెళ్లాను.

"పాలెట్‌లో, అంటే అంగిట్లో, గ్రోత్. క్యాన్సర్. డీప్ ఎక్స్ రే ఇద్దాం, చూద్దాం" అన్నారు.

బయటికి రాగానే బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అమ్మకి ఆ పేరు సెప్పకు. సెప్పేవంటే నా మీద ఒట్టే" అన్నాడు. పన్ను కింద కురుపని చెప్పాం. అత్త మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

డీప్ ఎక్స్ రే అంటే ఫొటో తియ్యడం కాదు, పుండుకి కరెంటు పెట్టడం. అది ఐదు వారాలు నడిచింది. ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని ఉన్నాం. చెంప చర్మం నల్లబడింది, నోరు ఎండిపోయింది, ఏది తిన్నా రుచి లేదంది. పుండు కాస్త మానినట్టు కనిపించేసరికి మాకు కొండంత ధైర్యం వచ్చింది. ఇంటికొచ్చాం. చుట్టలన్నీ పొయ్యిలో వేశాను. రెండు నెలలు బాగుంది. మూడో నెలలో దవడ కింద గట్టిగా బిళ్ల తగిలింది. మళ్లీ ఆసుపత్రి.

"సెకండరీస్. జబ్బు పాకింది. ఇంక చెయ్యడానికేం లేదు. ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు పెద్ద డాక్టరుగారు. కసిరినట్టు కాదు, మామూలుగానే అన్నారు. వెనక చాలామంది నిలబడి ఉన్నారు మరి. మేము బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. అత్త స్తంభానికి ఆనుకుని, బావ మంచినీళ్లకి వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచింది. అప్పటికే ఆమె మాట ముక్కులోంచి వచ్చేది.

"ఒలే, నా నోరు నాకు తెలీదేటే? మీరు దాసీసినంత మాత్రాన దాగుతాదేటి?"

నేను ఏడ్చాను.

"ఏడవకు, ఇను. సావుకి నాకు బయం నేదు. మా అమ్మ ఇలాగే పోయింది, నోట్లో పుండుతోనే. పది రోజులు అరిసింది. ఈదంతా సెవులు మూసుకుంది. సివరికి పిల్లలు కూడా ఆ అరుపుని పాట కట్టి ఎక్కిరించేరు. నన్నలా పంపకే. నా అరుపు ఈది ఇనకూడదు. మాటియ్యి."

ఎలా తీరుస్తానో తెలియకుండానే మాట ఇచ్చాను.

మా అదృష్టం, అదే మెట్ల మీద నుంచి ఒక డాక్టరమ్మగారు దిగుతున్నారు. ఎక్స్ రే రోజుల్లో మమ్మల్ని చూసిన మనిషే. చిన్నావిడ. "ఏమైంది?" అన్నారు. పెద్ద డాక్టరుగారు అన్న మాట చెప్పాను. ఆవిడ కాగితం తీసి మోకాలి మీద పెట్టుకునే రాశారు.

"జబ్బు తగ్గించలేం. నొప్పి తగ్గించగలం. అది కూడా వైద్యమే" అన్నారు. "మార్ఫియా మిక్చర్. నాలుగు గంటలకొక చెంచా. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. గడియారం చూసి ఇవ్వాలి, మొహం చూసి కాదు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. అబద్ధం. మా ఇంట్లో గడియారమే లేదు. పంచదార ఫ్యాక్టరీ కూతకి లేస్తాం, ఎండ గుమ్మం దాటితే వంట మొదలెడతాం.

ఇంటికి రాగానే మొదటి గొడవ బావతోనే. మందు వాసన చూశాడు, మందుల దుకాణంలో ఎవరినో అడిగాడు, మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఇది నల్లమందులోంచి తీత్తారంట. మా పెదనాన్న నల్లమందు తిని ఎలా తయారయ్యేడో తెల్దా? ముసిలిదాన్ని మత్తుమనిసిని సేత్తావా?"

"సచ్చిపోయే మనిసికి అలవాటైతే ఏటయిపోద్ది బావా?" అన్నాను.

ఆ మాట అనకూడదు. నోరు జారాను. బావ సీసా తీసి అటక మీద పెట్టేసి పనికి వెళ్లిపోయాడు. నేను బల్ల ఎక్కి సీసా దింపాను. కాని నాకూ లోపల భయమే. అందుకని చెంచాకి బదులు సగం చెంచా, అది కూడా అత్త మూలిగినప్పుడే ఇచ్చేదాన్ని. ఇటు బావ మాటా దక్కింది, అటు డాక్టరమ్మ మాటా దక్కింది అనుకున్నాను. దక్కనిది అత్తకే. నొప్పి ముందు పరిగెత్తేది, మందు వెనక కుంటుకుంటూ వెళ్లేది. అత్త పంటి బిగువున కూర్చుని, "ఇప్పుడు నేదే, దాసి ఉంచు, నిజంగా వచ్చినప్పుడు ఇద్దువు" అనేది. ఆమె పొదుపు చేస్తోంది, నేనూ పొదుపు చేస్తున్నాను. నొప్పి ఒక్కటే పొదుపు చెయ్యలేదు.

వారం తర్వాత కబురు చెప్పడానికి వెళ్తే డాక్టరమ్మగారు సీసా ఎత్తి చూశారు. "ఇంత మిగిలిందేం?" అన్నారు. చెప్పాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "దాచుకుంటే పెరిగే మందు కాదమ్మా ఇది. ముందు గడియారం సంపాదించు. రోజూ రాత్రి ఆముదం పట్టు, ఈ మందుకి కడుపు బిగుస్తుంది" అన్నారు. బావని కూడా పిలిచి ఆ మాటలే చెప్పారు. బావ తలొంచుకుని విన్నాడు కాని ఒప్పుకున్నట్టు లేదు.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఖాదర్ సాయిబుగారి గడియారాల కొట్టు. పెద్దాయన. కంట్లో భూతద్దం పెట్టుకుని రోజంతా చిన్న చిన్న చక్రాలతో గడుపుతాడు. వెళ్లి సంగతి చెప్పాను. ఆయన అరలోంచి ఒక అలారం టైంపీసు తీసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత సన్నటి కుంచెతో రెండు, ఆరు, పది అంకెల దగ్గర ఎర్రచుక్కలు పెట్టాడు.

"చిన్నముల్లు చుక్క మీదకొస్తే చెంచా, వెంటనే అలారం తర్వాతి చుక్కకి తిప్పుకో. అంతే బేటీ. మీ అత్త పడుకుని ఉన్నా సరే లేపు. ఫికరు పెట్టుకోకు, ఆగిపోతే నన్ను పిలువు" అన్నాడు.

మర్నాటి ఆరింటి నుంచి నిండు చెంచా మొదలుపెట్టాను. మొదటి రోజు అత్త ఊరికే నిద్రపోయింది. బావ నా వంక గుర్రుగా చూశాడు. మూడో రోజుకి అత్త లేచి గోడకి ఆనుకుని కూర్చుని, నేను కుడుతున్న జాకెట్టుకి వంకలు పెట్టింది. "ఆ సంక కాడ బిగుతై సావదేటి దానికి?" అంది. ఎన్నాళ్లకో నాకు నవ్వొచ్చింది. గంజి దూదితో అద్దినట్టు కొద్దికొద్దిగా మింగింది. ఒక సాయంత్రం, "చుట్టొకటి ఎలిగించి పక్కన పెట్టవే. లోపలెట్టుకోన్లే, వాసనకి" అంది. ఒక్కటి చుట్టి వెలిగించి పెట్టాను. కళ్లు మూసుకుని వాసన చూసింది. బావ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఆ రోజు నుంచి పదింటి చెంచా తనే పోసేవాడు. నల్లమందు మాట మళ్లీ ఎత్తలేదు.

అలా నెల పైన నడిచింది. సీసా అడుగంటే ముందురోజు బావ బస్సులో విశాఖ వెళ్లి మందు తెచ్చేవాడు. ఇక్కడే మేము దెబ్బతిన్నాం.

అవి విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ రావాలని ఆందోళన నడుస్తున్న రోజులు. బావ వెళ్లాల్సిన రోజునే బస్సులు ఆగిపోయాయి. రైళ్లు లేవన్నారు. విశాఖలో కాల్పులు, కర్ఫ్యూ అన్నారు. "రేపు దారులు తెరుత్తారు" అన్నాడు బావ. మర్నాడూ తెరవలేదు. ఇక్కడ డాక్టర్ల దగ్గరికి పరిగెత్తాం. ఆ మందు మా దగ్గర ఉండదన్నారు ఒకరు. ఇంకొకరు నిద్రమాత్ర ఇచ్చారు, అది అత్త గొంతు దిగలేదు.

నేను బావకి చెప్పకుండా సీసాలో నీళ్లు కలిపాను. రెండు రోజులు సాగుతుంది కదా అని. అలారం మోగుతూనే ఉంది, చెంచా ఇస్తూనే ఉన్నాను, అత్త నుదురు మాత్రం ముడి విప్పడం లేదు. రెండో రోజు మధ్యాహ్నం చెంచా మింగి నా కళ్లలోకి చూసింది.

"మందు నీల్లగా ఉందే" అంది.

నాకు దాచడం చేతకాలేదు. బావ విన్నాడు. కేకలేస్తాడనుకున్నాను. సీసా ఎత్తి చూసి, "ఎన్ని సెంచాలున్నాయి?" అన్నాడు. ఆరు. అది కూడా నీళ్ల మందు. మర్నాడు తెల్లారగట్ల ఎవరిదో సైకిలు తెచ్చాడు. "సబ్బవరం మీంచి ఎల్తాను. సాయంత్రం ఆరుకి వచ్చేత్తాను. నువ్వు గాబరా పడకు" అన్నాడు. పాతిక మైళ్లకి తక్కువ కాదు, అవతల విశాఖలో కర్ఫ్యూ. తల్లి కాళ్లు ముట్టుకుని వెళ్లాడు.

పదింటికి ఒక చెంచా. రెండింటికి చివరి చెంచా. సీసాలో కాసిని నీళ్లు పోసి కడిగి అవి కూడా పట్టాను. ఆరైంది. అలారం మోగింది. బావ లేడు.

ఏడయ్యేసరికి అత్త దుప్పటి గుప్పిళ్లతో పట్టుకుంది. పక్కింటి ఆవిడ వచ్చి, "అడ్డపొగొకటి పెట్టి సూడవే, తిమ్మిరెక్కుద్ది" అంది. ఆవిడ మంచికే చెప్పింది. నేనూ ఒకప్పుడు ఆ మాటే కదా చెప్పాను. వద్దన్నాను. అత్త గొంతులోంచి సన్నగా ఒక శబ్దం మొదలైంది. వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. పుండు మీదే. నేను కొంగు లాగబోతే నా చెయ్యి తోసేసి మిషను వైపు వేలు చూపించింది.

"తొక్కే" అంది.

అర్థమైంది. మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాను. గుడ్డ లేదు, దారం లేదు, ఉత్త సూది పైకీ కిందికీ. టకటకటక. ఆ చప్పుడు కింద అత్త మూలిగింది. ఆపితే వినబడుతుంది, అందుకని ఆపలేదు. ఖాదర్ సాయిబుగారు వచ్చి గుమ్మం బయట కూర్చున్నాడు. ఎవరో "ఈ వేళప్పుడు ఏటి కుడతంది?" అని అడిగితే, "పెళ్లి బట్టలు, అర్జెంటు" అని చెప్పాడు. ఆయన ఏ పూటా నమాజు తప్పని మనిషి, అబద్ధం ఆడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రాత్రి గురించి ఇంతకన్నా రాయలేను.

తెల్లారి ఎనిమిది దాటాక సైకిలు గంట వినిపించింది. బావ చొక్కా చిరిగి ఉంది, మోకాలు కొట్టుకుపోయింది. మందు సీసా కండువాలో చుట్టి కడుపుకి కట్టుకున్నాడు. అత్తకి చెంచా పోశాకే కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. తిరిగి వస్తుంటే దారిలో పోలీసులు ఆపారట. సీసా మూత తీసి వాసన చూసి, "ఇది నల్లమందురా, ఎక్కడికి తరలిస్తున్నావ్?" అన్నారట. రాత్రంతా అక్కడే కూర్చోబెట్టారట.

"నేనేటన్నానో తెల్సా?" అన్నాడు బావ. "నల్లమందు కాదు బాబూ, మందు. గడియారం సూసి ఇయ్యాల, ఆరుకే ఇయ్యాల, మా యమ్మ కాసుకుని ఉంది అని అరిసేను. డాట్రమ్మ రాసిన సీటీ సూపించేను. తెల్లారేక ఒకాయన సీటీ సదివి ఒదిలేడు." అంతా చెప్పి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "మొదట్లో నేనూ ఆళ్ల లాగే కదే మాటాడేను."

అత్త ఆ మధ్యాహ్నానికి కుదుటపడింది. లేచాక మొదట అడిగిన మాట, "ఈది ఇన్నాదేటే?"

"నేదత్తా. మిసను సప్పుడే ఇన్నారు" అన్నాను.

"పెళ్లెవరిదంట?" అంది. గుమ్మం బయట సాయిబుగారు చెప్పిన మాట ఆమెకి వినబడిందన్నమాట. అంత నొప్పిలోనూ.

ఆ తర్వాత మూడు వారాలు బతికింది. ఒక్క చెంచా తప్పలేదు. చివరి వారం నిద్రే ఎక్కువ. చివరి రోజు పొద్దున పదింటి చెంచా బావ పోశాడు, అత్త కొడుకు వేలు పట్టుకుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఊపిరి దూరం దూరంగా వచ్చి ఆగింది. ఏ చప్పుడూ లేదు. మేమిద్దరం అటూ ఇటూ కూర్చుని ఉన్నాం. రెండింటికి అలారం మోగింది. నేను లేచి సీసా తీసి చెంచాలో మందు పోశాను. పోశాక గాని తెలివి రాలేదు. బావ నా చేతిలో చెంచా తీసుకుని కింద పెట్టాడు. అలారం మాత్రం ఇద్దరం ఆపలేదు. స్ప్రింగు అయిపోయేదాకా మోగి అదే ఆగింది.

ఇది జరిగి మూడేళ్లవుతోంది. పది చుట్టలు చుట్టి ఇచ్చిన సంగతి నన్ను ఇంకా వదల్లేదు, వదులుతుందని కూడా అనుకోను. జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఆడవాళ్లలో అడ్డపొగ తాగేవాళ్లు కనిపిస్తే నోరు తెరిపించి చూస్తాను. "నీకేటి డాట్రీ వచ్చా?" అని ఎక్కిరిస్తారు. రాలేదంటాను, చూస్తాను.

టైంపీసు తిరిగి ఇవ్వబోతే సాయిబుగారు తీసుకోలేదు. "దాని పని అయిపోలేదు బేటీ" అన్నాడు. నిజమే. అప్పటి నుంచి అది మా ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. మాకవరపాలెం ఒకసారి వెళ్లింది, మా వీధిలోనే రెండిళ్లలో ఉంది. వెళ్లిన ప్రతిచోటా డాక్టరమ్మగారి పేరు, వార్డు చెప్పి పంపిస్తాం. ఎవరికి ఏ మందు, ఎంత అన్నది ఆవిడ చూసుకుంటారు. ఎర్రచుక్కలు చెరిగితే సాయిబుగారు మళ్లీ పెడతాడు.

పోయిన నెల కొండకర్ల నుంచి ఒకాయన వచ్చాడు. భార్యకి గర్భసంచిలో అదే జబ్బు. మందు సీసా చేతిలో ఉంది, గడియారం కోసం వచ్చాడు. గడియారం ఇచ్చి, "సీసా ఒకసారి ఇలా ఇయ్యన్నా" అన్నాను. మిషను దగ్గర నుంచి ఎర్ర దారం తీసి, మందు సరిగ్గా సగం ఉండే చోట సీసా నడుముకు చుట్టి ముడేశాను.

ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, ఇలాంటి మందు వాడుతుంటే, సీసాకి సగంలో ఒక దారం కట్టండి. మందు ఆ దారం దగ్గరికి దిగిన రోజే మనిషిని కొత్త సీసాకి పంపండి. అడుగంటే దాకా చూడకండి, రేపు బస్సు ఉంటుందనుకోకండి. మేమలా అనుకున్నాం. మిషను ఉన్నది జాకెట్లు కుట్టుకోడానికే.